చెప్పని చోటు

"కండ్లు మూస్కో," అంది వెనక సీట్లోంచి ముసలి ఉమ్ సాలెం.

"బండి నడుపుతున్న గద అవ్వా!" అన్నాడు ఆమె ఇంటి డ్రైవర్ జంగు.

"అయితే గా గుట్ట చుట్టు ఇంకోసారి తిప్పు."

ఉరుములతో వాన పడితే, అరబ్బు దేశంలోని అరార్ ఎడారిలో మట్టి కింద ఫగా అనే పుట్టగొడుగులు పుడతాయి; అవి ఉబ్బిన చోట పైన నేల పగులుతుంది. అవి దొరికే చోటు ఉమ్ సాలెం తన కొడుక్కి కూడా చెప్పలేదు. చెబితే ఫోన్లో పెట్టి లోకమంతా చాటుతాడు. కానీ ఈ ఏడు ఆమెకు చూపు మందగించింది.

బండి ఆపగానే జంగు దిగి, ఆమె ఎటు పోయేదీ చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

"ఎవరు నేర్పిన్రు నీకు?"

"మా అమ్మ. ఉట్నూరు అడవిల పుట్టకొక్కులకు పోతే నన్ను గిట్లనే తిప్పుకుంట తీస్కపోయేది. పెద్దగైనంక గని జాగ సూపియ్యలే."

"ఏడ దొరుకుతయి?"

"చెప్ప."

"నేనేమన్న గాడికి వస్తనా?"

"అయినా చెప్ప."

ఉమ్ సాలెం పడీపడీ నవ్వింది. చేతికర్ర అతని చేతిలో పెట్టింది.

"ఇటు తిరుగు. గా పొద కింద నేల ఏడ పగిలిందో చూడు."