మూడో పేజీ

“ఇది తప్పుల్లేకుండా చదివి అర్థం చెప్పు. చెబితే రేపు ఇంటర్వ్యూకి వెళ్దువుగాని. చెప్పలేకపోతే ఉద్యోగం ఊసు ఈ ఇంట్లో మళ్ళీ వినబడకూడదు.”

ఇంగ్లీషు పేపరు మూడో పేజీ మడిచి భార్య ఒళ్ళోకి విసిరాడు భర్త. అప్పుడే వచ్చి కూర్చున్నాడు, బూట్లయినా విప్పలేదు. ఆ పేజీ ఆయన చదివిందీ లేదు. అంటువ్యాధి వార్త కదా, అన్నీ నోరు తిరగని మాటలే ఉంటాయి, ఈవిడ చచ్చినా చదవలేదని ధీమా.

పాపం ఆయనకేం తెలుసు! ఆవిడ ఇంగ్లీషు నేర్చుకున్నదే ఆ వార్తలతో. రోగం వీధి వీధీ పాకుతోంది, పేపర్లో రోజూ అవే మాటలు. క్వారంటైన్, ఐసొలేషన్, సింప్టమ్. ఇవాళ తెలియని మాట రేపు మళ్ళీ ఎదురవుతుంది, ఎల్లుండికి నోటికొచ్చేస్తుంది. కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనికి ఇంగ్లీషు చదవడం వస్తే చాలన్నారు.

“కానీ. నీళ్ళు నములుతావేం?”

ఆమె మొదటి వాక్యం చదివి అర్థం చెప్పింది. “నిన్న వ్యాధి బయటపడిన నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో ఆరోగ్య శాఖ వెల్లడించింది.”

“ఏదో గాలివాటంగా తగిలింది. అసలు నా జీతంతో నీకేం లోటొచ్చిందని ఈ వేషాలు?”

“లోటని కాదండీ. నాకంటూ ఓ పని ఉండాలని.”

“పెళ్ళాం సంపాదన తింటున్నాడని నలుగురూ నా మొహాన ఉమ్మాలనా? చదువు.”

ఆమెకి ఒళ్ళు మండింది. అయినా పళ్ళ బిగువున చదివింది.

“ఆరు వారాల కిందట ఆయన ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేక, ఆఫీసుకని బయల్దేరి, రోజూ పది నుంచి ఐదు దాకా పార్కులో బెంచీ మీద కూర్చునేవాడు.”

బూటు లేసు విప్పుతున్న భర్త చెయ్యి ఆగిపోయింది.

“చాలు. బాగానే చదివావు. రేపు వెళ్ళు,” అంటూ పేపరు కోసం చెయ్యి చాచాడు.

ఆమె తన చెవుల్ని తానే నమ్మలేకపోయింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నోట ‘బాగానే’ అన్న మాట వినడం ఇదే మొదటిసారి. సంతోషం కూడా వేసింది పిచ్చిదానికి. కానీ ఆయన సంగతి ఆమెకి తెలియంది కాదు.

“ఇంకా కొంచెం ఉందండీ. రేప్పొద్దున, సగమే చదివావుగా అని దెప్పుతారు.”

“దెప్పను. ముందు ఇటివ్వవే.” ఆయన లేచి పేపరు అందుకోబోయాడు.

ఆమె పేపరు వెనక్కి లాక్కుని గబగబా చదివేసింది. “తనలాగే ఉద్యోగం పోయి, ఇంట్లో దాచిపెట్టిన మరొకాయన రోజూ పక్కన కూర్చుని భోజనం పంచుకునేవాడని రోగి చెప్పాడు. పేరు తెలియదు. ఆ మనిషి వెంటనే ఆస్పత్రికి రావాలి. గుర్తు, పట్టీ ఊడితే ఎర్ర దారంతో కుట్టిన నీలం ఆఫీసు బ్యాగు.”

నీలం దారం అయిపోయిందని ఎర్ర దారంతో ఆ పట్టీ కుట్టింది ఆమే.