నెగ్గిన లుంగీ

"మీ డ్రైవరు ఒంటిమీద బట్టల్లేకుండా రోడ్డెక్కాడు" అన్నాడు గేటు ముందు జీపు దిగిన పోలీసు, విల్లా లోపలికి వినబడేలా అరబ్బీలో.

వెనక సీట్లోంచి రసూల్ దిగాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద ఆకుపచ్చ గళ్ళ లుంగీ, చేతిలో ఇంకా వేడి చల్లారని ఖుబూస్ రొట్టెల కవరు. రాయచోటి నుంచి అల్ వక్రాలోని ఈ విల్లాకు డ్రైవరుగా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అరబ్బీ చీమతలకాయంత కూడా రాదు.

పక్క విల్లా డ్రైవరు బాసిత్ కారు తుడవడం ఆపి, తడిగుడ్డ భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. జగిత్యాల మనిషి. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి అరబ్బీని నమిలి మింగినవాడు.

"ఏం జేసినవ్ర భాయ్?"

"నేనేం జేసినాన్నా! బఖాలా అంగట్లో రొట్టెలు తీసుకోని వస్తాండా. ఈయన ఆపి, లుంగీ చూపిచ్చి ఏందో అడిగినాడు. ఎందుకొచ్చిన గొడవలే అని చేతులు జోడిచ్చి మాఫీ, మాఫీ అన్నా."

బాసిత్ తల పట్టుకున్నాడు. "నీ ఇల్లు బంగారంగాను! బట్టలేవి అని అడిగిండు ఆయన. మన ఉర్దూల మాఫీ అంటే క్షమించు అని. వీళ్ళకు మాఫీ అంటే 'లేవు' అని! బట్టల్లేవని నీ నోటితోనే ఒప్పుకున్నవ్."

"లుంగీ ఉండాది కదన్నా!"

"ఆ లుంగీతోనే లొల్లి. ఇక్కడోళ్ళు తోబ్ అనే తెల్ల పొడుగు అంగీ లోపట కట్టుకునే గుడ్డ గిదే. విజార్ అంటరు. వీళ్ళ లెక్కల నువ్వు లోపలి చెడ్డీ మీద బజారుకు పోయినట్టు."

అంతలో యజమాని కొడుకు రాషిద్ బయటికి వచ్చాడు. ఒంటికి అతుక్కున్న జీన్సు, చేతిలో ఫోను. పోలీసు చెప్పింది వినగానే మొహం కందగడ్డయింది. రసూల్ వైపు వేలు చూపిస్తూ గడగడా ఏదో అన్నాడు.

"రేపే టికెట్ తీస్తడంట. సామాను సర్దుకోమంటుండు" అన్నాడు బాసిత్ గొంతు తగ్గించి. "తలకాయ వంచు. నోరు తెరవకు. డ్యూటీకొచ్చినోనికి ఈడ నోరుండదు."

రసూల్‌కు ఉద్యోగం కంటే ముందు ఊరు గుర్తొచ్చింది. ఈ కబురు తనకంటే ముందు విమానమెక్కి పోతుంది. 'దుబాయ్‌లో గుడ్డలిప్పుకోని తిరిగినాడంట' అని టీ కొట్టు దగ్గర నవ్వుతారు; ఊరికి ఏ అరబ్బు దేశమైనా దుబాయే. పని చేతకాదని పంపితే సరే, పడొచ్చు. ఈ పేరు మోసుకుని ఏ మొహంతో దిగాలి?

"లేదన్నా. నేను మాట్లాడతా. నువ్వు అరబ్బీలో చెప్పు."

"నాకు గూడ టికెట్ తీపిస్తవా ఏంది?"

మజ్లిస్ అనే అతిథుల గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన, రాషిద్ తండ్రి, ఇద్దరి గుసగుసలూ చూసి చేతికర్రతో నేల మీద టక్కున కొట్టాడు. "దేవుడు నోరిచ్చింది మాట్లాడ్డానికే. అతన్ని మాట్లాడనీ" అన్నాడు.

ఆ మాట బాసిత్ నోట తెలుగులో వినగానే రసూల్ రొట్టెల కవరు గోడ మీద పెట్టి ముందుకొచ్చాడు.

"బాబా! మగోడు బొడ్డు కాడ్నుంచి మోకాలు దాకా కప్పుకోవాలంటారు. నాది చీలమండ దాకా ఉండాది. ఎగ్గట్టలే, జారిపోలే. మా నాయన ఇట్లాంటిదే కట్టుకోని మసీదుకు పోయినాడు. నా నిఖాలో గూడా అట్లాంటిదే కట్టుకోని అందరి ముందర కూర్చున్నాడు. బిగుతు ప్యాంటేసుకున్నోడు నమాజులో వంగితే ఎనకున్నోడు కండ్లు మూసుకోవాల. లుంగీ కట్టినోని ఎనక ఎవురూ కండ్లు మూసుకోలే!"

బాసిత్ అది చెబుతుండగానే పోలీసు చెయ్యి తెలియకుండానే తన ప్యాంటు వెనక్కి పోయింది. రాషిద్ టీషర్టు కిందికి లాక్కున్నాడు.

"మీ ఇంట్లో పని చేసేదానికి వచ్చినా. మా బట్ట బట్టే కాదంటే గమ్మునుండేదానికి రాలే. ప్యాంటేసుకోని రమ్మంటే ఏసుకుంటా, అది మీ ఊరి మర్యాద. బట్టల్లేనోడని మాత్రం అనద్దండి. ఆ మాట వాపసు తీసుకోండి."

బాసిత్ మొదట లోగొంతుకతో తర్జుమా చేశాడు. చివరికొచ్చేసరికి అతని గొంతే పెద్దదైంది. ఆఖరి మాట రెండుసార్లు చెప్పాడు.

పోలీసు పకపకా నవ్వాడు. "కప్పుకోనివాణ్ణి పట్టుకోవడం నా పని. ఇతను నాకంటే నిండుగా కప్పుకున్నాడు. కేసు లేదు. కానీ ఇకనుంచి ప్యాంటు వేసుకోమను. నా మాట వాపసు." రసూల్‌తో చెయ్యి కలిపి జీపెక్కాడు.

రాషిద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున్నే అమ్మను బయటికి తీసుకెళ్ళాలి, కారు సిద్ధంగా ఉంచమను" అని గొణిగి లోపలికి వెళ్ళిపోయాడు.

వంటింటి కిటికీలోంచి వంటమనిషి, కడప హసీనా, గరిటెతో గిన్నె మీద దరువు వేసింది. "శభాష్ రసూల్ భాయ్! మన లుంగీ పరువు నిలబెట్నావ్!"

బాసిత్ అతన్ని వాటేసుకుని గాల్లోకి లేపాడు. రసూల్ ఛాతీ రెండింతలైంది. ఇంత మాట అనగలనని తనకే తెలియదు. ఎత్తిన తల దించకుండా లుంగీ అంచు రెండు వేళ్ళతో సవరించుకున్నాడు.

పెద్దాయన కర్ర ఊనుకుంటూ దగ్గరికొచ్చాడు. రసూల్ భుజం తట్టాడు. లుంగీ కొస పట్టుకుని, కళ్ళజోడు పైకి జరిపి, తిప్పి తిప్పి చూశాడు. మెల్లగా ఏదో అన్నాడు. బాసిత్ మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది.

"ఏమంటాండాడన్నా? మెచ్చుకుంటాండాడా?"

"మాట నువ్వే గెల్చినవంట. లుంగీ మాత్రం ఆయనదంట, దండెం మీద మారిందంట... ఇప్పుడే విప్పి ఇయ్యమంటుండు!"