గుండు బాబాయి కణత

"కోసి చూస్తే ఈ పూటతో తేలిపోతుంది," అన్నాడు కీళ్ల డాక్టరు. ఆయన కుడిచేతిలో బ్లేడు. ఎడమచంకలో ఒక రబ్బరు తల.

"కోశారంటే ఊరుకోను. ముందు దాన్ని కింద పెట్టండి," అంది ఆయన భార్య.

ఆవిడ ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే తోటి డాక్టర్లకు స్కానింగు నేర్పే డాక్టరు. ఆ ఉదయమే శిక్షణ గదిలోకి కొత్త బొమ్మ తలలు వచ్చాయి. పాతవాటిని అట్టపెట్టెల్లో సర్ది, పారేయడానికి గుమ్మం పక్కన పెట్టారు. ఆ సంగతి చెవిన పడగానే కీళ్ల డాక్టరు వార్డు నుంచి పరుగున వచ్చి, పెట్టెలన్నీ కెలికి, అడుగునున్న గుండు బాబాయిని బయటికి లాగాడు.

గుండు బాబాయి ఆవిడ తన చేతులతో పోతపోసిన మొదటి తల. కణత దగ్గర రబ్బరు చర్మం కింద సన్నటి గొట్టం, గొట్టంలో ఎర్రనీళ్లు. కణత దగ్గరి రక్తనాళం వాచిన మనిషికి వెంటనే మందు పడకపోతే చూపు పోవచ్చు; ఆ జబ్బు చూసేదీ కీళ్ల డాక్టర్లే. ఆ వాపును స్కానులో పట్టుకోవడం ముందు ఇలాంటి తలల మీదే నేర్పేది ఆవిడ. కొన్నింటిలో గొట్టం మామూలుగా ఉంటుంది. కొన్నింటిలో గోడ మందంగా, వాచినట్టు ఉంటుంది. ఏది ఏదో చెప్పగలిగితే పాసు.

"అసలేమైంది సార్?" అంది శిక్షణకొచ్చిన అమ్మాయి, బ్లేడుకు కాస్త దూరంగా జరిగి.

"ఇరవై ఏళ్ల కిందట నేనూ నీలాగే ఇక్కడ నేర్చుకోవడానికి వచ్చానమ్మాయీ. పరీక్షలో ఈవిడ వీణ్ణి నా ముందు పెట్టింది. వాపుందన్నాను. లేదంది. ఫెయిలు! నా జన్మలో నేను తప్పిన పరీక్ష అదొక్కటే. బొమ్మ చేసింది ఆవిడే కాబట్టి అందరూ ఆవిడ మాటే నమ్మారు."

"అప్పటికి మాకింకా పెళ్లి కాలేదులే," అంది ఆవిడ, అదేదో సర్దిచెప్పడమన్నట్టు.

"పెళ్లయ్యాక మాత్రం ఒప్పుకుందా? కూర మాడినా, కారు మొరాయించినా, గొడవ చివరికి వీడి దగ్గరే తేలుతుంది. 'వాపేదో బలుపేదో తెలియని మనిషి' అని మా కూతురి ముందు కూడా వెక్కిరింపే!"

అమ్మాయి నవ్వు ఆపుకుంది. "కోయడమెందుకు సార్? ఇప్పటి మెషీన్లలో వెంట్రుక కూడా కనిపిస్తుంది. మళ్లీ ఒకసారి చూడండి."

"అదీ మాట! అప్పటి మెషీన్లో అంతా మబ్బుపట్టినట్టు ఉండేది." ఆయన బ్లేడు పక్కన పడేసి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అది కీచుమంది. ఆయన మొహం వెలిగిపోయింది. "ఓసినీ! ఈ స్టూలు ఇంకా ఉందా?"

"అప్పుడు మీరు కూర్చున్నదే."

పాత తలలకు మోటారు లేదు. పక్కన ఎవరైనా రబ్బరు బంతిని నొక్కుతుంటేనే నాడి కొట్టుకుంటుంది. ఆవిడ పెట్టెలోంచి ఆ బంతిని వెతికి తీసింది. పగిలినచోట ఎప్పుడో తనే అతికించిన ప్లాస్టరు ఇంకా ఊడలేదు. ఆయన పక్కన నిలబడి నొక్కడం మొదలుపెట్టింది.

"జెల్ మరీ అంత వేశారేంటండీ?"

"చల్లగా ఉందని బాబాయి ఏమైనా గొణిగాడా?"

"అప్పుడూ ఇంతే. నా చీరకి కూడా పూసేవారు."

"అది చెయ్యి వణికి పడింది. నువ్వు పక్కన నిలబడితే ఎవడి చెయ్యి వణకదు?"

ఆవిడ చేతిలో బంతి కాస్త జోరందుకుంది. తెర మీద బాబాయి నాడి దడదడమంది. అమ్మాయి పనిగట్టుకుని కిటికీలోంచి స్కూటర్లు చూసింది.

"వచ్చింది!" ఆయన కేక పెట్టాడు. "చూడండి!"

గొట్టం చుట్టూ నల్లటి వలయం. ఆయన చేతిలోని స్కాను ప్రోబుతో కణత మీద మెల్లగా నొక్కాడు. గొట్టం అణిగిపోయింది. వలయం పోలేదు. మామూలు రక్తనాళమైతే అలా మిగలదు.

"వాపే సార్," అంది అమ్మాయి. "అనుమానమే లేదు."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ల వాదనంతా గొంతు దాకా వచ్చి సిద్ధంగా ఉంది. అది అక్కర్లేకుండానే ఆవిడ తలూపింది.

"అవునండీ. వాపే. నేనే పొరబడ్డాను."

ఆయన స్టూలు మీంచి లేచాడు. "ఏదీ, మళ్లీ అను."

"పొరబడ్డానన్నానుగా. ఇంక చాలు, అవతల మీ రోగులు ఎదురుచూస్తుంటారు."

ఆయన జేబురుమాలు తీసి బాబాయి కణత మీది జెల్ పసిపిల్లాడికి తుడిచినట్టు తుడిచాడు. "వీణ్ణి పారేసేది లేదు. ఇంటికి తీసుకెళ్తున్నా," అంటూ తలను గుండెకు హత్తుకుని బయటికి నడిచాడు. వరండాలోంచి ఆయన ఫోను మాటలు వినిపించాయి. "చిట్టితల్లీ! మీ అమ్మ ఒప్పుకుందే! అవును, తన నోటితోనే!"

ఆ గొంతు మెట్ల దాకా వెళ్లి సన్నగిల్లింది. అమ్మాయి తెర మీద నిలిచిపోయిన నల్లటి వలయాన్ని చూస్తూ ఉండిపోయింది.

"మేడమ్, గొట్టానికి మందం అద్దింది మీరే. లోపల ఏముందో మీకు తెలియకపోవడమేంటి? మీరెలా పొరబడ్డారు?"

ఆవిడ తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"అప్పుడే పాస్ చేసేస్తే ఆయన మళ్లీ నా క్లాసుకి ఎందుకొస్తారమ్మా?"