రోజుకో తిట్టు

మైపాడులో ఆటో దిగీ దిగగానే కరుణాకుమారికి వదిన గొంతు వినిపించింది.

"ఎంతసేపు పడుంటావు ముసిలోడా! నీకు వండిపెట్టి, నీ గుడ్డలుతికి నా చేతులు కాయలు కాచినాయి!"

కరుణ వీధిలోనే ఆగిపోయింది. అంటే పక్కింటావిడ ఫోన్లో చెప్పింది నిజమే. "మీ వదిన మీ నాయన్ని రోజూ పొద్దున్నే నానా మాటలూ తిట్టి బయటికి తరిమేస్తా ఉండాది. పాపం, ఆయన కళ్లు తుడుచుకుంటా ఇసకలో ఒక్కడే నడుచుకుంటా పోతా ఉంటాడు" అందావిడ. చెవులతో వింటేగాని నమ్మనని, కబురైనా చెప్పకుండా నాయుడుపేట నుంచి బయలుదేరి వచ్చింది కరుణ.

ఆమె తండ్రి టైటస్ ఒకప్పుడు పడవ నడిపిన మనిషి. ఇప్పుడు పార్కిన్సన్స్ జబ్బు, కాళ్లు బిగుసుకుపోయి అడుగు పడదు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చాలావరకు చచ్చిపోయాయని నెల్లూరు డాక్టరు చెప్పాడు. అన్న బెన్హర్ సముద్రంలో పోయినప్పుడే తండ్రిని తనతో తీసుకుపోతానంది కరుణ. "మామ నా దగ్గరే ఉంటాడు" అని వదిన అబిగయీలు పట్టుబట్టింది. ఆ రోజు వదినను కావలించుకుని ఏడ్చింది కూడా. ఇప్పుడది గుర్తొచ్చి తన మీద తనకే మండిపోయింది.

లోపల అబిగయీలు గొంతు ఇంకా పెరిగింది.

"ఆ రోజు గాలి బాగలేదు, వేటకి పోనన్నాడు నా మొగుడు. పొమ్మన్నది నువ్వు! నా మొగుణ్ణి మింగింది సముద్రం కాదు, నువ్వే!"

కరుణ తలుపు తోసుకుని లోపలికి దూసుకెళ్లింది. టైటస్ మంచం దిగి నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. ఒళ్లంతా కోపంతో ఊగిపోతోంది.

కరుణ వదిన చెంప ఛెళ్లుమనిపించింది.

అబిగయీలు గోడవైపు తిరిగి నిలబడింది. ఆ నిర్లక్ష్యం చూసి కరుణకు ఒళ్లు ఇంకా మండింది.

"చచ్చిపోయిన మా అన్న పేరెత్తి పొడుస్తావా? నోరెట్లా వచ్చింది నీకు? డాక్టరు మన ముందరే గదా చెప్పినాడు, మిగిలిన కణాలు కొన్నేనని, అనుకోనిదేదైనా గట్టిగా తగిలితే అవన్నీ ఒక్కసారిగా పటపటా పేల్తాయని! ఉన్నవి కూడా పేలిపోతే మా నాయన ఏం కావాల? చంపాలనే గదా నీ ఎత్తు?"

అబిగయీలు భుజాలు కదిలాయి.

"పద నాయనా. ఈ రాక్షసి దగ్గర నిన్ను ఒక్క పూట కూడా ఉంచను." కరుణ తండ్రి బట్టలు లాగి సంచిలో కుక్కసాగింది.

టైటస్ కదిలాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ కూతురిని దాటి కోడలి దగ్గరికి వెళ్లాడు. వణుకుతున్న చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

"ఆ బిడ్డని ఏమీ అనబాక కరుణా. పేలేదంటే అవి చచ్చేది గాదు, పనిచేసేది; అవి పేలితేనే నా కాళ్లు లేచేది, నిన్నటి తిట్టుకి ఇయ్యాళ పేలవు గాబట్టి రోజుకో కొత్త తిట్టు తిట్టమని, 'నా వల్ల కాదు మామా' అని ఆ బిడ్డ ఏడస్తా ఉన్నా గూడా, కాళ్లావేళ్లా పడింది నేనే."