జలేస్క్ ఇక పట్నం కాదు

కుర్చీలు చాలక జనం హాలు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వేదిక మీద జిల్లా పాలనాధికారి గెర్మన్ ఇగ్నాత్యెవిచ్ ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చోవడానికి ఊరి పెద్దలెవరూ ఒప్పుకోలేదు.

"జనవరి నుంచి జలేస్క్ పట్నం కాదు, పల్లె," అన్నాడతను. "కోర్టు, కాన్పుల వార్డు ఏటి అవతలి బెరెగోవ్ పట్నానికి మారతాయి."

"వసంతంలో ఏరు పొంగితే అక్కడికెలా పోవాలి? ఈదుకుంటూనా?" ఎవరో అరిచారు.

కలప కోత మిల్లు మేస్త్రీ లేచాడు. "జార్ల కాలంలో మహారాణి ఇచ్చిన పట్నం హోదా ఇది. బోల్షివిక్కులు పీకేశారు. యుద్ధమయ్యాక మళ్లీ ఇచ్చారు. అరవైల్లో బెరెగోవ్‌లో కలిపేసి, మళ్లీ విడదీశారు. ఇన్నిసార్లు చచ్చి బతికాం. ఇప్పుడు పాతిపెట్టడానికి నువ్వొచ్చావు."

జనాభా తగ్గిపోయిందనీ, నిర్ణయం పైవాళ్లదనీ గెర్మన్ ఏదో చెప్పబోయాడు. ఈలల్లో ఏమీ వినపడలేదు. తడిసిన చేతితొడుగొకటి ఎగిరొచ్చి అతని భుజానికి తగిలింది.

అప్పుడు ముందు వరసలోంచి కపితొలీనా ఫ్రొలొవ్నా లేచింది. కాన్పుల వార్డులో ముసలిదైపోయిన నర్సు ఆమె. హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. వెనక ఎవడో కిసుక్కుమంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

"ఇగ్నాత్యెవిచ్ గారూ," అంది ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ. "ఏరు పొంగినప్పుడు నొప్పులొస్తే ఆడదాన్ని పడవలో పడుకోబెట్టాలా?"

"హెలికాప్టర్ పంపిస్తాం, కపితొలీనా ఫ్రొలొవ్నా."

"మంచు పడితే అంబులెన్సుకే దిక్కులేదు. హెలికాప్టరట."

"దయచేసి కూర్చోండి."

"కూర్చోను. తమరు మాత్రం కుర్చీ కోసం గవర్నరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఊరిని అమ్మేశారు." ఆమె జనం వైపు తిరిగింది. "ఈ మనిషి గుక్కెడు నీళ్లడిగినా ఎవరూ ఇవ్వకండి."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. గెర్మన్ చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి ఆమె వైపు చూడలేకపోయాడు. సంతకాలు ఎప్పుడో అయిపోయాయని గొణిగాడు. జనం నేల మీద ఉమ్మి, బయటికి నడిచారు.

బయట అతని కారు చక్రాలు నాలుగూ కోసేసి ఉన్నాయి. మంచు మొదలైంది. బెరెగోవ్ బస్సు మళ్లీ పొద్దున్నే.

హోటల్‌కి నడిచాడు. అక్కడి మనిషి తల కూడా తిప్పలేదు.

"గదుల్లేవు."

"తాళంచెవులన్నీ గోడకే ఉన్నాయిగా."

"ఉన్నాయి. మీకు లేవు."

కాలర్ పైకి లాక్కుని, అగ్నిమాపక కేంద్రం వెనక సందులోకి తిరిగాడు. చివరి ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపు తట్టాడు.

"ఎవరది?" లోపల్నుంచి కపితొలీనా గొంతు.

"నేనే. గెర్మన్‌ని."

అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గడియ కదల్లేదు.

"బెరెగోవ్‌లో బోలెడు ఇళ్లున్నాయి. అక్కడికే పో."

దీపం ఆరిపోయింది.

అతను చల్లటి తలుపు చెక్కకు నుదురు ఆనించి, "బాగా చలేస్తోంది, తలుపు తియ్యవే అమ్మా," అన్నాడు.