గట్టి గోడ

"ఈ గోడలోంచి మాట అవతలికి వెళ్తుందా, వెళ్లదా? ముందు అది చెప్పు బాబూ," అంది పెద్దావిడ.

ఆ ప్రశ్న బిల్డరుని ఇరకాటంలో పెట్టింది. అపార్టుమెంటంతా అమ్ముడుపోయి, పక్కపక్కనున్న ఈ రెండు ఫ్లాట్లే మిగిలిపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మధ్య గోడని వేలితో టకటకా కొట్టి, పెదవి విరిచి వెళ్లిపోయేవాళ్లే. ఈవిడేమో రెండూ కలిపి తీసుకుంటానంటోంది. ఒకటి తమ దంపతులకి, రెండోది కొడుకు కాపురానికి. ఇలాంటి బేరం మళ్లీ తగలదు.

ఇవతల డప్పు కొట్టినా అవతల చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా ఉండదని నమ్మబలికాడు. ఆవిడ నమ్మలేదు. అతన్ని పక్క ఫ్లాట్లోకి వెళ్లి తలుపేసుకోమంది. తను ఇక్కడ భర్తతో మామూలుగా మాట్లాడుతుందట. వినపడిందో లేదో వచ్చి చెప్పాలట.

వెళ్లి తలుపేసుకున్నాడు. గోడకి చెవి ఆనించాల్సిన పనే లేకపోయింది.

"మీసాలకి రంగేసుకున్నాడు సరే, చెవుల్లో నెరిసిన వెంట్రుకల సంగతి మర్చిపోయినట్టున్నాడు," అంటోంది ఆవిడ. పెద్దాయన నవ్వాపుకోలేక దగ్గాడు. "ఆ నడక చూశారా? తడి సిమెంటు మీద బాతు నడిచినట్టు లేదూ?"

బిల్డరుకి ఒళ్లు మండిపోయింది. చెయ్యి తనంతట తనే చెవి దగ్గరికి వెళ్లింది. అయినా పళ్లబిగువున కోపం దిగమింగి, మొహాన నవ్వు పులుముకుని, బాతులా కనపడకుండా ఆచితూచి అడుగులేస్తూ తిరిగొచ్చాడు.

"ఏమైనా వినపడిందా?"

"మీరు మాట్లాడేశారా? ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని నిలబడ్డానమ్మా."

"ఒక్క ముక్క కూడా?"

"నా పిల్లల మీద ఒట్టు."

పెద్దావిడ ఉసూరుమంది. సంచీ భుజాన తగిలించుకుని, భర్తని రమ్మని సైగ చేసి గుమ్మం వైపు నడిచింది. బిల్డరు కంగారుగా అడ్డం వెళ్లాడు. గోడ గట్టిదని తేలిపోయాక కూడా ఎందుకు వెళ్లిపోతున్నారని అడిగాడు.

ఆవిడ అతన్ని జాలిగా చూసింది.

"ఇంత గట్టి గోడ ఉంటే, అవతల మా కోడలు నా గురించి ఏమంటోందో నాకెలా తెలుస్తుంది నాయనా?"