పెరటి వైపు

వంటింటి జరుపుడు తలుపు ఆ పొద్దున సగం దాకా వచ్చి ఆగిపోయింది. కినుయో భుజం పెట్టి తోసినా కదల్లేదు. ఇంటి కప్పు మీద మంచు బరువెక్కి దూలం వంగిందంటే ఆ సంగతి ముందు చెప్పేది తలుపులే. అప్పుడూ వినకపోతే చెప్పడానికి ఇల్లే మిగలదు.

"చూశావా? ఇంకొక్క రాత్రి ఇలాగే కురిస్తే మనం కూలిన కప్పు కిందే పడుకోవాలి, కప్పుకోవడానికి దుప్పటి కూడా అక్కర్లేదు," అంది మొగుడితో. "ఇవాళైనా ఎక్కుతావా? మంచంతా కరిగాక తీరిగ్గా ఎక్కుతావా?"

"పక్కింటి తోకిచి అన్నని రానీ. ఒంటరిగా ఎక్కకూడదని తెలీదా?" చారు గిన్నెలోంచి తలెత్తకుండానే అన్నాడు యసుజి.

ఒకరు నడుముకి తాడు కట్టుకుని పైన మంచు తియ్యాలి, ఒకరు కింద ఆ తాడు పట్టుకోవాలి. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా ఉగ్గుపాలతో అబ్బే సంగతి అది. పైగా గడ్డికప్పు పీకించి రేకులు వేయించాక వాళ్ళకిది మొదటి చలికాలం.

"ఆయన మొన్న తన ఇంటి మంచు ఒక్కడే తీసుకున్నాడట. మగాడన్నాక..."

మిగతాది యసుజి వినలేదు. గిన్నె పక్కకి నెట్టి, విసవిసా మెట్లెక్కి పై గదిలోకి వెళ్ళిపోయాడు. కింది కిటికీలన్నీ మంచులో మునిగిపోయాయి. ఆ ఇంట్లో కాస్త వెలుగు వచ్చేది ఆ గది కిటికీలోంచే.

ఆ వెలుగు కూడా ఇప్పుడు లేదు. చుట్టూ చీకటి. పౌరుషం ఎప్పుడో దిగిపోయింది. పిలవాలని ఉంది, గొంతు పెగలడం లేదు. వంటింటి గుమ్మం దగ్గర మాటలు మాత్రం చెవి పక్కన అన్నట్టే వినపడుతున్నాయి.

"ఏడీ మనవాడు?" తోకిచి గొంతు.

"పైనున్నాడు మహారాజు. ఒక్క మాటన్నానని అలిగాడు. పరుపు ధబ్బుమని విసిరి పరుచుకున్నాడు, ఇల్లంతా అదిరింది."

"ఏమన్నావేంటి?"

"తోకిచి అన్న ఒక్కడే ఎక్కి తీసుకున్నాడు కదా, నీకేం రోగం అన్నాను."

"నేనొక్కణ్ణే ఎక్కానని ఎవరు చెప్పారు? మా బావమరిది కింద తాడు పట్టుకునే ఉన్నాడు చెల్లెమ్మా!"

"అయ్యో, నాకేం తెలుసు?"

యసుజికి ఏడుపొచ్చింది. ఈ ముక్క ఇంత ఆలస్యంగానా తెలియడం!

"పోనీ, వెళ్ళి లేపనా?"

లేపు అన్నా. పైకెళ్ళి ఆ గదిలోకి ఒక్కసారి తొంగి చూడు. నీకు దణ్ణం పెడతాను. మనసులోనే బతిమాలాడు యసుజి.

"వద్దన్నా. లేపితే మళ్ళీ మొదటికొస్తుంది. ఆకలేస్తే ఆయనే వస్తాడు. తప్పు నాదేనని నేనే చెబుతాలే. సాయంత్రం కాస్త సాకే సారా వెచ్చబెట్టి పోస్తే మనిషి వెన్నలా కరిగిపోతాడు."

ఇన్నేళ్ళ కాపురంలో కినుయో నోట తప్పు నాదేనన్న మాట వినడం ఇదే మొదలు. అది కూడా పరాయివాడితో చెప్తుండగా. ఇప్పుడే వచ్చి చెప్పవే, సాయంత్రం దాకా ఎందుకే, అనబోయాడు. పెదవి కదల్లేదు.

"సరే, ఆ పార ఇలా ఇవ్వు."

"ఇక్కడే మెట్ల పక్కన ఉండాలే... ఎక్కడ పారేశాడో! ఏ వస్తువూ చోటున ఉండనివ్వడు కదా. నీది తెచ్చుకో అన్నా. తాడు నేను పట్టుకుంటాను."

నిచ్చెన చప్పుడైంది. తర్వాత పైన ఎక్కడో అడుగులు, బరువుగా, ఆచితూచి.

"చెల్లెమ్మా, మీరు అదృష్టవంతులే!" తోకిచి పైనుంచి కేకేశాడు. "రేకులు వేయించుకున్నందుకు ఫలితం దక్కింది. వెనక వాలు సగం దానంతటదే జారిపోయింది. మిగతాది ఎటు తోయను? వీధి వైపా, పెరటి వైపా?"

వీధి వైపు! వీధి వైపు అన్నా! యసుజి ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. అయినా ఊపిరి తప్ప ఏమీ బయటికి రాలేదు.

"పెరటి వైపే తోసెయ్యి. అక్కడెవరున్నారు, పాతిపెట్టిన ముల్లంగి దుంపలు తప్ప!" అని కినుయో నవ్వింది.

తోకిచి కూడా నవ్వుతూ తోసిన మొదటి మంచుగడ్డ, పై గది కిటికీలోంచి ఒంటరిగా కప్పెక్కి, పారతో సహా జారిపడి, పెరటి మంచు గుట్ట అడుగున కూరుకుపోయి ఉన్న యసుజి మీద పడింది.